జనరేటరు మీద రుబ్బిన పిండి

పెద్దమ్మ పోయిందని ఆ పొద్దున్న వాళ్ళమ్మాయి, మా అక్క, ఫోన్ చేసి చెప్పింది. జ్వరమని అమలాపురం ఆసుపత్రిలో చేరి, ఇదిగో రేపొచ్చేస్తున్నా, ఎల్లుండొచ్చేస్తున్నా అంటూ వారాలు గడిపిన మనిషి, చివరికి రాలేదు. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. ఇక పెదనాన్నగారి కరెంటు ఎవరు చూస్తారన్న ఆలోచన వచ్చింది. చదివే మీకు ఇది విడ్డూరంగా ఉండొచ్చు. కాస్త చెప్పనివ్వండి.

పెదనాన్నగారి ఊపిరితిత్తులు దెబ్బతిని కొన్నేళ్ళయింది. మంచం పక్కన ఆక్సిజన్ మిషను తిరుగుతుంటేనే ఆయనకు ఊపిరాడేది. రాజోలు దగ్గర వాళ్ళ ఊళ్ళో గాలి గట్టిగా వీచి కొబ్బరిమట్ట తీగల మీద పడిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. చిన్న సిలిండరు ఒకటి ఉంది గాని, అది కాసేపటికే. అందుకే పెద్దమ్మ పట్టుబట్టి పెట్రోలు జనరేటరు కొనిపించింది. పొగ ఇంట్లోకి రాకుండా నూతికి అవతల రేకుల పాక వేయించి, గోదారి నీళ్ళు పెరట్లోకి వచ్చినా అందకుండా ఎత్తుగా అరుగు కట్టించి, దాన్ని అక్కడ పెట్టించింది. అప్పటినుంచి నేనూ అదీ, మా ఇంట్లో ఇద్దరు రోగులం అనేవారు పెదనాన్నగారు.

పెద్దమ్మ కాలు ఒకచోట నిలిచేది కాదు. అన్నం తింటూ కూడా రెండుసార్లు లేచేది. శనివారం వచ్చిందంటే మరీను. కరెంటు నిక్షేపంలా ఉండగానే మెయిను కట్టేసి, జనరేటరు తాడు లాగి, దాని మీద గ్రైండరు వేసి ఇడ్లీ పిండి రుబ్బేది. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది.

"కరెంటుండగా ఇదేంటి పెద్దమ్మా?"

"దాన్ని ఉత్తినే తిప్పకూడదు, పని చెప్పాలి. పనిలేకుండా తిరిగితే లోపల మసి పట్టేస్తుంది. మనుషులైనా అంతే. నిన్ను చూడటంలేదూ?"

ఆదివారం ఆ ఇంటికి వెళ్తే పెదనాన్నగారు మంచం మీంచే పలకరించేవారు. "వచ్చేవా? తిను, మా పెట్రోలిడ్లీలు." ఆవిడ ఉరిమి చూసేది. క్యాన్‌లో పెట్రోలు పాతబడితే పక్కింటివాళ్ళ బండిలో పోయించి కొత్తది తెప్పించేది. పాత నేతచీర గుడ్డతో ఇంజనులో ఆయిలు కొలిచే పుల్ల తుడిచి, వెలుతురుకు పెట్టి, కూర ఉప్పు చూసినంత శ్రద్ధగా చూసేది. ఆవిడకి యంత్రాలంటే ఇష్టమేమీ లేదు. భయం. ఆ భయంతోనే అన్నీ నేర్చుకుంది.

ఆసుపత్రి మంచం మీంచి ఫోన్ చేసినా మొదటి మాట అదే. "తిప్పుతున్నారా?" ఆయ్, తిప్పుతామమ్మా అనేది అక్క. "మీరంతా ఆయ్ అంటారు. ఆయ్ అంటే ఇంజను తిరగదే" అని విసుక్కునేది. అక్క ఆసుపత్రికీ ఇంటికీ మధ్య తిరగడంతోనే సరిపోయింది. తర్వాత మైల రోజులు వచ్చాయి. చావింట్లో పిండి రుబ్బరు. జనరేటరు తిప్పకూడదని ఏ శాస్త్రమూ చెప్పలేదు గాని, ఆ ఇంట్లో జనరేటరంటే పిండే. పప్పు నానబోయలేదు కాబట్టి నూతి అవతలికి ఎవరి కాలూ పోలేదు. మంత్రాలకు ఏం కావాలో, బంధువులకు ఏం వండించాలో అన్నీ తలచుకున్నాం. ఇదొక్కటే, ఫోన్ వచ్చిన పొద్దున్న తట్టిన నాకు కూడా, మళ్ళీ తలపుకు రాలేదు.

పెద్దకార్యం ముందురోజు మధ్యాహ్నం గాలి లేచింది. కరెంటు పోయింది. ఆక్సిజన్ మిషను కీచుమని ఆగిపోయింది. అక్క గబగబా సిలిండరు తగిలించింది. నేను మెయిను కట్టేసి, పాకలోకి పరిగెత్తి తాడు లాగాను. లాగుతూనే ఉన్నాను. ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. అరచేతులు మండిపోతున్నాయి. చావింట్లో మనుషులు నిండా ఉన్నారు, సలహాలు కూడా నిండా ఉన్నాయి.

అక్క నూతి దాకా వచ్చింది. "లేస్తోందా?"

"లేదక్కా."

"సిలిండరు ముల్లు దిగిపోతోంది. నాన్న చూస్తున్నారు దానికేసే."

అప్పుడు కోపం వచ్చింది నాకు. ఎవరి మీదో తెలీదు. ఇన్నాళ్ళు కాపలా కాసి సరిగ్గా ఇప్పుడే లేకుండా పోయిన ఆవిడ మీదే అనుకుంటాను. ఆవిడ చేస్తుండగా చూసిందే గుర్తు చేసుకుని ఇంజను పక్కనున్న కార్బొరేటరు అడుగు స్క్రూ వదులు చేశాను. పెట్రోలుతోబాటు నీళ్ళు కారాయి. వానాకాలం తేమ ట్యాంకులోకి దిగింది. ఉన్నదంతా పారబోసి, నా బండిలోంచి సీసాతో తీసిన పెట్రోలు పోశాను. ప్లగ్గు విప్పి చొక్కాకే తుడిచి బిగించాను. తాడు లాగితే ఈసారి అందుకుంది. పాక రేకులు దడదడలాడాయి.

అక్క అప్పటికే లోపలికి పరిగెత్తింది. నేను వెళ్ళేసరికి మిషను తిరుగుతోంది. అక్క పెదనాన్నగారి ముక్కుకు గొట్టం సర్దుతోంది. ఆయన ఛాతీ ఎగరడం నెమ్మదిగా తగ్గింది. కళ్ళు మూసుకున్నారు. పెరట్లోంచి జనరేటరు మోత వస్తూనే ఉంది. ఆ మోత వింటూ, కళ్ళు తెరవకుండానే, తల కిటికీవైపు తిప్పి పిలిచారు.

"ఏమేవ్, ఇంక చాలు. వానొచ్చేలా ఉంది, లోపలికొచ్చెయ్."

అక్క చెయ్యి గొట్టం మీదే ఆగిపోయింది. ఆయన కళ్ళు తెరిచారు. మా ఇద్దరినీ చూశారు.

కాసేపటికి ఊళ్ళో కరెంటు వచ్చింది. జనరేటరు కట్టెయ్యడానికి మేమెవరమూ కదల్లేదు. ఉన్న పెట్రోలు అయిపోయేదాకా అది తిరిగింది, పెదనాన్నగారు పెరటి గుమ్మంకేసి చూస్తూనే ఉన్నారు.