పెద్దబాపు తన మీద వేసుకున్న ఓటమి

నా చిన్నప్పుడు, ప్రత్యేక తెలంగాణ కావాలని బడులన్నీ బందయిన ఏడాది, మా కురవిలో పిల్లలకు ఆటలే ఆటలు. నాకు మాత్రం అన్నం సయించేది కాదు. మా అన్న మెడ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఒకప్పుడు ఊరూరా కుస్తీలు పట్టి బతికిన పహిల్వాన్. మోకాలు దెబ్బతిన్నాక ఇంటి వెనక తాలీం పెట్టి, ఎర్రమట్టిలో కుర్రాళ్లకు కుస్తీ నేర్పేవాడు. ఎవరు ఏం తినాలో, ఎవరితో తలపడాలో అన్నీ ఆయనే చూసేవాడు. ఆయన చేతిలో తయారైనవాళ్లలో మా అన్నే మేటి.

ఆ వారం మానుకోటలో కుస్తీ. అవతలివాడు కృష్ణా జిల్లా నుంచి వస్తున్నాడు. అన్న గెలిస్తే తెలంగాణ గెలిచినట్టేనని చాయ్ హోటల్లో, బస్సులో ఒకటే మాట. సరిగ్గా అప్పుడే సాధనలో అన్న తలకిందులై, మెడ నేలకు కొట్టుకునేలా పడ్డాడు. మర్నాటి నుంచి కుడిచేతి వేళ్లకు తిమ్మిరి. అన్నం ముద్ద చేతిలో నిలిచేది కాదు. నేను చూశానని తెలిసి, "పెద్దబాపుకు చెప్పినవంటే నా మీద ఒట్టే" అన్నాడు.

చెబితే ఒట్టు తప్పినట్టు. చెప్పకపోతే అన్నకేమవుతుందో. మూడు రోజులు ఈ రెంటి మధ్యా నలిగాను. కుస్తీనాటి పొద్దున ఇక ఆగలేక, పెద్దబాపు బండి కడుతుంటే వెళ్లి చెప్పేశాను. ఆయన నావైపు చూడనైనా లేదు. "ఎక్కు బిడ్డా" అన్నాడు, అంతే.

విన్నాడో లేదో తెలియక దారంతా ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను. మానుకోటలో డప్పులు మోగాయి, అన్న లంగోటీ బిగించాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు పెద్దబాపు, ఎప్పటిలాగే అన్న మెడకు నూనె రాస్తూ, ఒకచోట బొటనవేలితో నొక్కాడు. అన్న ముఖం పాలిపోయింది. పెద్దబాపు లేచి కుంటుకుంటూ బరిలోకి నడిచాడు.

"ఇయ్యాల మావోడు పట్టడు. పోరనిది తప్పు లేదు. నేనే సక్కగ తయారు చెయ్యలే. ఓడింది నేనే అనుకోండ్రి."

జనం కాసేపు నమ్మలేదు. ఆ తర్వాత మట్టిపెళ్లలు లేచాయి. "అమ్ముడువోయిండు!" అని ఎవరో అరిస్తే అందరూ అందుకున్నారు. "నా ఇజ్జత్ తీసినవ్" అని అన్న వెక్కివెక్కి ఏడ్చాడు. పెద్దబాపు అన్నకు అడ్డంగా నిలబడి, ఆ పెళ్లలన్నీ తన వీపు మీద పడనిస్తూ, బండి దాకా నడిపించుకొచ్చాడు.

ఇంకొక్క దెబ్బ తగిలితే కాళ్లూ చేతులూ పడిపోయేవని వరంగల్ దవాఖానలో డాక్టరు చెప్పాడు. ఆ మాట ఊళ్లో చెబితే పెద్దబాపు పరువు నిలిచేదే. అన్న దాచిన సంగతి బయటపడుతుందని ఆయన చెప్పలేదు. చాలాకాలం తాలీంకు ఎవరూ పిల్లల్ని పంపలేదు. "నీకెట్ల తెలిసింది?" అని అన్న ఎన్నిసార్లు అడిగినా, "చేతికి దొరికింది" అనేవాడు.

తర్వాత అన్న అదే తాలీం నడిపాడు. నేను టీచరునయ్యాను. భయపడుతూ వచ్చి నా చెవిలో ఏదైనా చెప్పిన పిల్లల పేరు ఎన్నడూ నా నోట రానివ్వలేదు. పెద్దబాపు పోయి చాలా ఏళ్లయింది. ముట్టుకుంటే చాలు, ఒంట్లో నొప్పి ఆయనకు తెలిసిపోయేదని అన్న ఇప్పటికీ మనవలకు చెబుతుంటాడు. నేను పక్కన కూర్చుని ఊ కొడతాను.