కంపు కొట్టిన రాజు

నిన్న మా అమ్మాయి, దాని స్నేహితురాళ్లు పాచికలు ముందేసుకుని, తాము కల్పించిన మాయాలోకంలో ఎవరికెంత శక్తి ఉండాలో రాసుకుంటున్నారు. “చచ్చినోళ్లను బతికించే మంత్రం అందరికీ ఇస్తాండాం నాయనా” అంది అమ్మాయి. నా ముక్కుకు ఎప్పటిదో కుళ్లు వాసన తగిలింది.

చింతామణి వైపు పట్టుపురుగుల ఇళ్లలో పెరిగినవాళ్లారా, గుర్తుందా? పురుగులు గూళ్లు కట్టే వెదురు చంద్రిక విరిగిపోతే అదే మన రాజ్యం. ఏరిపారేసిన గూళ్లే మన రాజులు. లోపలి పురుగు కుళ్లి గూడు కంపు కొట్టిందా, ఆ రాజు చచ్చినట్టే, దిబ్బలో వెయ్యాల్సిందే. మా ఆటలో ఆ నియమం పెట్టింది నేనే.

తీరా నా రాజే కంపు కొట్టాడు. “వీడికి సంజీవని మంత్రం ఉండాది” అన్నాను సిగ్గులేకుండా. “అట్లయితే నా రాజుకూ ఉండాది” అంది పక్కింటి నాగరత్న. సాయంత్రానికి చంద్రిక నిండా నల్లరసం కారే రాజులే, చచ్చేవాడు ఒక్కడూ లేడు. నాగరత్న ముక్కు మూసుకుని లేచింది. “థూ! ఇంగ దీంట్లో ఆడేదేముండాది?” అంది. మళ్లీ రాలేదు. ఆనాటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నాకే అసహ్యం.

“ఆ మంత్రం కొట్టెయ్ తల్లీ” అన్నాను.

“ఎందుకు?”

“రేపు కూడా వీళ్లు మనింటికి రావాల కదా.”