మొదటి పేరా దాకానే తెరుచుకున్న వ్యాసం

మా తోడికోడలు తాడేపల్లిగూడెం కాలేజీలో పాఠాలు చెప్పేది. కొల్లేటిని కమ్మేసే గుర్రపుడెక్క మీద పరిశోధన రాసి డాక్టరేటు తెచ్చుకుంటేనే ఆ ఉద్యోగం నిలుస్తుందని చెప్పేశారు. అందుకని శనివారాలు దెందులూరు నుంచి ఏలూరు ఇంటర్నెట్ సెంటరుకు బయల్దేరేది.

"చదువుకెళ్తుందో సినిమాకెళ్తుందో ఎవరు చూడొచ్చారు? నువ్వూ వెళ్ళు," అన్నారు మా అత్తగారు నాతో.

సెంటరులో ఓ చెక్కగదిలో ఇద్దరం ఒకే బల్ల మీద ఇరుక్కునేవాళ్ళం. తలుపేస్తే ఉక్క, తీస్తే అందరి కళ్ళూ మా మీదే. ఆమె వెతికే వ్యాసాల్లో కొన్ని పూర్తిగా తెరుచుకునేవి. కొన్ని మొదటి పేరా చూపించి డాలర్లు అడిగేవి.

"గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడే చుట్టాల్లా ఉన్నారమ్మాయ్ వీళ్ళు!" అన్నాను.

"నవ్వించకండక్కా, బస్సు టైమవుతోంది."

తెరుచుకున్నవాటినే రాసుకునేది. చిత్రమేమిటంటే, అవన్నీ ఒకే ఒక పాత వ్యాసాన్ని సాక్ష్యంగా చూపేవి. అది మాత్రం తెరుచుకోదు.

"మరి వీళ్ళంతా అది చదివారంటావా?"

"చదివే ఉంటారక్కా... ఏమో," అంది.

ఫలానావారు చెప్పారని ఫలానావారు రాశారు, అని ఉన్నదున్నట్టు రాసి పట్టుకెళితే గైడుగారు కొట్టేశారట. "అసలుది చదవలేదని మీరే చాటుకుంటారా అండీ? దిద్దేవాళ్ళు తిప్పి పంపేస్తారు. నేరుగా ఆ పాత వ్యాసం రాసినాయన పేరే వేయండి." ఆ రాసినాయనకు పంపిన మెయిలు తిరిగొచ్చింది. గడువు దగ్గరపడింది. నా పక్కనే కూర్చుని, చదవని వ్యాసం పేరు టైపు చేసింది.

పట్టా వచ్చింది, ఉద్యోగం నిలిచింది. ఆ పరిశోధనలోంచి తీసిన వ్యాసమొకటి ఎవరైనా ఉచితంగా చదువుకునేలా నెట్‌లో పెట్టారు. ఆ రోజు ఇంట్లో పరమాన్నం వండాను.

తర్వాత ఓ శనివారం మెయిలు తెరిచి, తెల్లబోయి, నాకు తెలుగులో చెప్పింది. ఎక్కడో అస్సాంలో చదువుకుంటున్న అమ్మాయి రాసింది. "మేడమ్, నాకు పూర్తిగా దొరికింది మీ వ్యాసమొక్కటే. మీరు చూపిన పాత వ్యాసం పేరు నేనూ వేసుకున్నాను. దాని కాపీ మీ దగ్గర ఉంటుంది కదా, పంపగలరా?"

"లేదని రాసెయ్."

"లేదంటే చదవలేదనేగా అక్కా? కాలేజీలో తెలిస్తే?"

"పోనీ, పోయిందని రాయి."

"మళ్ళీ ఇంకో అబద్ధమా?"

ఆమె వేళ్ళు మీటల మీద అలాగే ఉండిపోయాయి.

సెంటరాయన తలుపు తట్టారు. "ఏవండీ, టైమైపోయిందండీ. ఇంకో గంట వేయమంటారా?"

బస్సు పోతుందని తెలుసు, ఇంటి దగ్గర అత్తగారు ఏమంటారో కూడా తెలుసు.

"వేయండి, జవాబు రాసే లేస్తాం," అన్నాను.