గీతల వాలు

నిన్న పొద్దున పోస్టులో వచ్చిన ఆహ్వానపత్రాన్ని వంటింటి బల్లమీద పెట్టి టీ కలుపుకుంటూ ఉంటే, వెనకవైపు ఖాళీగా ఉంది కదా అని ఆరేళ్ళ మా మనవరాలు దానిమీద పిల్లిబొమ్మ గీసేసింది. "నానమ్మా, డోంట్ టచ్! ఇట్ నీడ్స్ ఎ టెయిల్" అని నన్నే కసిరింది. దానిది ఎడమచేతి వాటం. పిల్లి పొట్టకింద నీడకోసం వేసిన సన్నగీతలన్నీ పైన ఎడమవైపు మొదలై కింద కుడివైపుకి వాలాయి. కుడిచేతివాళ్ళు గీస్తే ఇదే వాలు ఎదురువైపుకి తిరుగుతుంది. అది చూశాక టీ సయించలేదు.

నాదీ ఎడమచేతి వాటమే. తెనాలిలో మా నాయనమ్మ పాతచీర పేలికతో నా ఎడమచెయ్యి నడుముకి కట్టేసి కుడిచేత్తో అన్నం కలపడం, పలకమీద రాయడం నేర్పింది. మన తరంవాళ్ళకి ఇది వింత కాదు, మీ ఇళ్ళల్లోనూ ఒకరుండే ఉంటారు. రాత కుడిచేతికి వచ్చింది గానీ బొమ్మ మాత్రం ఎడమచేతిలోనే ఉండిపోయింది.

పెళ్ళయి లండన్ శివారులో హౌన్స్‌లో అనే ఊరికి వచ్చాక, మావారు ఎయిర్‌పోర్టులో షిఫ్టులు చేస్తూ ఉండగా, హైదరాబాదులో సరదాకి నేర్చుకున్న జర్మన్ పుణ్యమా అని నాకు లండన్‌లో ఒక మ్యూజియం లైబ్రరీలో పని దొరికింది. అదే వారం వరంగల్ అమ్మాయి ఒకతె చేరింది. ఆమెకీ జర్మన్ వచ్చు. సకినాలు పంచుకుని తిన్నాం, ప్రాణస్నేహితులమయ్యాం. తర్వాత పరిశోధకురాలి ఉద్యోగం ఒక్కటే పడింది, అది ఆమెకొచ్చింది. కేటలాగు కార్డులు రాయడం నాకు మిగిలింది. దాచడమెందుకు, కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఆమె గది చూస్తే కడుపుమంట, ఆమె పేరున్న తలుపు చూస్తే కడుపుమంట, శనివారాలు వాళ్ళాయన వండుతాడని తెలిసి మరీ మంట.

ఆమెకిచ్చిన పని పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ కళాచరిత్రకారుడొకాయన జీవితం రాయడం. రొట్టెలు కాల్చేవాడి కొడుకు. కాలినడకన ఇటలీ అంతా తిరిగి, ఫొటోలు దొరకని ఆ రోజుల్లో చూసిన ప్రతి చిత్రాన్నీ నోటుపుస్తకంలో గీసుకుని, చివరికి ప్రొఫెసరైనవాడు. ఇంగ్లండులో ప్రభువుల భవనాల్లో చిత్రాలు చూడటానికి వచ్చినప్పుడు మాత్రం చెల్లెల్ని వెంట తెచ్చుకున్నాడు, పెట్టెలు చూసుకోవడానికని. ఆయన ఉత్తరాలకి కార్డులు రాస్తూ ఉంటే ఒకచోట, చిన్నప్పుడు పంతులు బెత్తంతో తన రాతని కుడిచేతికి మార్చగలిగాడు గానీ బొమ్మని ఎడమచేతినుంచి తప్పించలేకపోయాడని ఆయనే రాసుకున్నది కనబడింది. పరుగున వెళ్ళి నోటుపుస్తకాలు తీశాను. ఇటలీ బొమ్మల్లో నీడగీతలు నా గీతల్లాగే వాలి ఉన్నాయి. ముసలితనంలో వేసినవీ అంతే. ఇంగ్లండు నోటుపుస్తకాలు రెండింటిలో మాత్రం వాలు ఎదురువైపుకి తిరిగింది. అవి చెల్లెలు గీసినవి! ఆయనకి పేరు తెచ్చినవీ ఆ రెండే.

ఆ వారమే నా స్నేహితురాలు తన పుస్తకం రాతప్రతి తెచ్చి నా ముందు పెట్టింది. ఇంగ్లండు బొమ్మల్లో ఆయన హస్తకౌశలం గురించి ఒక అధ్యాయమంతా రాసింది. "ఏమే, ఎట్లున్నది? తప్పులుంటె ఇప్పుడే చెప్పు, తర్వాత నా ఇజ్జత్ పోతది" అంది. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. "బాగుందే, అంతా సరిగ్గానే ఉంది" అన్నాను. ఎవడో పెద్ద పండితుడు పట్టుకుంటాడు, అందరి ముందూ ఆమె తల వంచుకుంటుంది, నేను చూస్తాను అనుకున్నాను. ఎంత ఆశపడ్డానో చెప్పుకోడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఎవరూ పట్టుకోలేదు. పుస్తకానికి మంచి పేరొచ్చింది. ఆమె పెద్ద పదవులు చేసి, రిటైరై, ఇప్పటికీ దీపావళికి నాకు ఫోన్ చేస్తుంది. నిన్న వచ్చినది ఆమె పంపిన ఆహ్వానమే, ఆ ఇంగ్లండు బొమ్మల ప్రదర్శనకి. కార్డుమీద ఆయన పేరు కింద 'పండితుడు, చిత్రకారుడు' అని అచ్చు వేశారు. నేను ఏడ్చి చచ్చింది స్నేహితురాలిమీద. దానివల్ల ఆమెకి వెంట్రుకైనా ఊడలేదు. ఇన్నేళ్ళూ పెట్టెలు మోసే మనిషిగానే ఉండిపోయింది ఆ చెల్లెలు.

రాత్రి ఉత్తరం మొదలుపెట్టాను. 'ఆ రోజు తప్పులుంటే చెప్పమన్నావు కదా' అన్న వాక్యం దగ్గర పెన్ను ఆగింది. పొద్దున మళ్ళీ కూర్చుని పూర్తిచేసి, ఇప్పుడే పోస్టుడబ్బాలో వేసి వచ్చాను. దీపావళికి ఇక ఫోన్ రాకపోవచ్చు.

మా మనవరాలికి బడిలో ఎడమచేతివాళ్ళ కత్తెరే వేరేగా ఇచ్చారు. కాలం మంచిదైంది, ఏ నాయనమ్మా ఇప్పుడు పేలిక తీయదు. నా చెయ్యి కట్టిన నాయనమ్మని జీవితమంతా ఆడిపోసుకున్నాను. ఆవిడ కట్టింది నా మేలు కోరి. ఆ చెల్లెలి చెయ్యి నేను కట్టేసింది మాత్రం ఒట్టి కుళ్ళుతో.