చెమ్మ పట్టిన పటికబెల్లం

డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలోని మా కిరాణా దుకాణానికి ఒక టింబర్‌మన్ వచ్చేవాడు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. కొనేది పటికబెల్లం. కొనేముందు ఒక పలుకు తీసుకుని వెనక గోదాములోకి వెళ్ళి, తలుపు మూసి, చీకట్లో అడకత్తెరతో పగలగొట్టేవాడు. పగిలేటప్పుడు పలుకులోంచి సన్నటి నీలిమెరుపు వస్తుంది. అది చూసి నవ్వుకుంటూ వచ్చి పావుకిలో తూయమనేవాడు. ధర దించడానికి ఇదొక ఎత్తని నేను పైసా తగ్గేవాణ్ణి కాదు. నా తెలివి అంతవరకే.

ఒకరోజు నన్నూ లోపలికి పిలిచాడు. పలుకు పగిలింది, మెరిసింది.

"మెరిసిందా, సేటూ? నాకు కనవడలే."

"గిప్పుడేమాయె కాకా?"

"రేపు దవాఖానల కండ్ల పరీక్ష. గీ మెరుపు కనవడ్డన్ని దినాలు ఫికర్ లేదనుకున్న. కండ్లు పోతే డ్యూటీ పోతది. నిజం చెప్పు, మెరిసిందా?"

సొంత సరుకును తిట్టుకోవడం నాకు అదే మొదలు.

"ఏడ మెరుస్తది కాకా! చెమ్మ పట్టిన సరుకాయె."

ఆయన తలుపు తీసి, వెలుతురులో నా ముఖం చాలాసేపు చూశాడు.

"గదే అరకిలో తూయి" అన్నాడు.

చెప్పిన ధర ఇచ్చి వెళ్ళిపోయాడు. నన్ను నమ్మితే, చెమ్మ సరుకుకు ధర తగ్గించమనాలి కదా? నమ్మకపోతే అరకిలో ఎందుకు?