కొన మీదికి ఆముదం మోసిన రోజు

మొన్న కార్తీక పౌర్ణమి, బుధవారం, సాయంత్రం సరిగ్గా ఆరు గంటలకు బేతంచెర్లలో మా మిద్దె మీద నిలబడి ఉండగా, పడమటి కొండ కొన మీద దీపం వెలిగింది. వెలిగిందనడం కంటే ఎవరో మీట నొక్కారనడం సరైన మాట, అది కరెంటు దీపం కనుక. పక్కనున్న మనవరాలు, "జేజీ, నువ్వు నిజంగా ఆడికి ఎక్కినావా?" అని అడిగింది. ఎక్కాను, అదీ తల మీద నిండు బిందెతో, అని చెప్పగానే ఆ పిల్ల నా మోకాళ్ల వైపు చూసిన చూపుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా నాయనది నూనె అంగడి. ఏటా కొండదీపానికి ఆముదం మోసే వంతు మా ఇంటిది. కొండ మొదట్లో ఎత్తుకున్న నూనెను కొన చేరేదాకా నేలకు దించకూడదు, చుక్క పొడవకముందే దీపం వెలగాలి. ఈ కట్టుబాటు తప్పితే వంతు వేరే ఇంటికి పోతుంది, మళ్లీ తిరిగి రాదు. నాకు పద్దెనిమిదేళ్లు నిండిన ఆ ఏడు, పండుగ దగ్గర పడ్డాక, నాయన గానుగ దగ్గర జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఆయనకు అన్నదమ్ములు లేరు, కొడుకులూ లేరు. సంగతి తెలిసి దాయాది పెదనాయన పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"వంతు మా ఇంటికి ఇడ్సిపెట్టప్పా. ఆడోళ్లు మోసే బరువా అది?"

నాయన తల దించుకున్నాడు. మా జేజి, అంటే నాయన తల్లి, వంటింట్లో నుంచే అందుకుంది.

"మీ ఇంట్లో నీళ్ల బిందెలు నువ్వు మోస్తాండావా ఏమప్పా? నా మనవరాలు మోస్తాది. తోడు నేను పోతా."

మగవాళ్లు ఆ నూనెను మూతి బిగించిన తోలు సిద్దెలో, భుజాన వేసుకుని మోసేవారు. నాకు ఆ అలవాటు లేదు కనుక ఇత్తడి బిందె తీశాం. నాయన మంచం మీద కూర్చునే స్వయంగా నూనె పోశాడు. జన్మమంతా కొలత అంచుదాకా నింపి, ఆపైన కొసరు వేసిన చేయి అది. వెలితిగా పోయడం దానికి తెలియదు. అలా నిండిన బిందె నడకలో తొణుకుతుందని మాకైనా తోచాలి. కానీ రోజూ మోసే నీళ్లు తొణికితే చీర తడుస్తుంది, ఇదీ అంతే కదా అన్న ధీమాలో ఉన్నాం.

ఆ కొండకు దారి పక్కవాటంగా ఉండదు, మొదటి నుంచీ దాని వెన్ను మీదుగానే పోతుంది. కింద కలబంద పొదలు, ఆ పైన పలకలు పలకలుగా విరిగిన నాపరాయి, ఇక ఎక్కడా నీడ లేదు. కొంత దూరం పోయేసరికి ఆముదం నుదుటి మీదుగా, చేతుల మీదుగా కారి చెప్పుల్లోకి దిగింది. కాళ్లు జారుతుంటే చెప్పులు విదిలించి లోయలోకి తన్నేశాను. నా వెనక వస్తున్న జేజి నేను కార్చిన జిడ్డు మీదే అడుగువేసి చతికిలబడింది. ఆమె నడుముకున్న వక్కాకు తిత్తి ఊడి దొర్లిపోయింది. "పోతే పోనీలే, కొండకూ నోరుండాది," అని లేచి, తాను ముందు నడిచింది. మా వెనక కాస్త ఎడంగా పెదనాయన వస్తున్నాడు, భుజాన తన సొంత సిద్దె నింపుకుని. మా బిందె నేలకు దిగితే తన నూనె సిద్ధంగా ఉండాలని.

కొనకు ముందు కత్తిగట్టు ఉండేది. రెండు వైపులా లోయ, మధ్యలో ఒక్క మనిషి పట్టే దారి. అక్కడ బిందె మార్చుకోలేం, దించలేం. గాలి లేచింది, బిందె ఊగింది, నా మెడ కొయ్యబారింది. పెదనాయన అడుగులు దగ్గరవుతున్నాయి. అప్పుడు జేజి కొంగున కట్టుకున్న మూట విప్పింది. అందులో దీపానికి వత్తిగా వేయాల్సిన కొత్త ముతక గుడ్డ ఉంది. నన్ను వంగకుండా కూర్చోబెట్టి, దాన్ని మడతలు మడతలుగా బిందె మూతిలో కుక్కింది. గుడ్డ నూనె తాగింది, తొణుకు ఆగింది.

"లెయ్ ఇంక. కిందికి సూడాకు. నా మడమలు సూసుకుంటా రా."

పగిలిన ఆ రెండు మడమలు తప్ప కత్తిగట్టు మీద నేనేమీ చూడలేదు.

కొన మీద పూజారికి ఏటా పెద్ద పని వత్తిని నానబెట్టడమే. అది నానేలోపు గాలికి అగ్గిపుల్లలన్నీ ఆరిపోయేవి. ఆనాడు దారి పొడవునా నానిన వత్తి ఒక్క పుల్లకే అంటుకుని నిలువెత్తు మంటై లేచింది. ఆకాశంలో ఒక్క చుక్క లేదు. కింద ఊళ్లో తప్పెట్లు మోగాయి. మంచం వాకిట్లోకి వేయించుకున్న నాయన ఆ మంట చూసి చప్పట్లు కొట్టాడని అమ్మ తర్వాత చెప్పింది. చెమటలు కక్కుతూ వచ్చిన పెదనాయనను జేజి ఎగాదిగా చూసి, "బరువుండాదా అప్పా?" అంది. ఆయన తన సిద్దె కూడా మా దీపంలోనే వంచాడు, ఆ తర్వాత అందరికంటే గట్టిగా నవ్విందీ ఆయనే.

మరుసటి ఏడు నుంచి వత్తిని నూనెలోనే నానబెట్టి మోయడం ఆచారమైంది. పెళ్లయినా ఊళ్లోనే ఉన్నాను కనుక, మోకాళ్లు మొరాయించేదాకా ప్రతి ఏడూ నేనే మోశాను. ఇప్పుడు కొనదాకా జీపు పోతుంది. కరెంటు దీపానికి గాలి భయం లేదు, మంచిదే. అది వెలుగుతుందో లేదోనని ఊపిరి బిగబట్టి చూసేవాళ్లూ లేరు.

ఆ రోజు పోయినవి: నా చెప్పుల జత, జేజి వక్కాకు తిత్తి, బిందెలో నాలుగు వేళ్ల మందం ఆముదం. ఆ తర్వాత పోయినవి: రోడ్డు కోసం చదును చేసిన కత్తిగట్టు, నాయన గానుగ, మా వంతు, పెదనాయన, జేజి.