ఎనిమిది మంది మనుషులు

వంటపిన్ని పరాయి దేశంలో యజమానురాలి మీద కేసు వేసి గెలిచి వచ్చిందని, ఆ ధీమాతోనే మా అపార్టుమెంటులో ముందువైపు లిఫ్టు ఎక్కి తలుపుకి అడ్డంగా బాసింపట్టు వేసుకుని కూర్చుందని, బోర్డు పీకేదాకా లేవలేదని చెప్పుకుంటారు. ఇస్త్రీ అతను చెప్పిన ప్రతిసారీ ఆవిడ కూర్చున్న సేపు ఇంకాస్త పెరుగుతుంది.

నేను అక్కడ ఐదో అంతస్తులో పిల్లని చూసుకుంటాను. బడి మానేసినప్పటి నుంచీ అదే పని. పిన్ని మాకు చుట్టమేం కాదు. మొదటిరోజు బస్సులో నేను నిలబడి ఉంటే పక్కకి జరిగి, "కూర్చోవే, కొరకన్లే" అంది. అప్పట్నుంచి పిన్ని అయింది. దారి పొడుగునా ఆవిడ మాట్లాడేది, నేను వినేదాన్ని.

అపార్టుమెంటుకి రెండు లిఫ్టులు. ముందుది ఇళ్ళవాళ్ళకి, వెనకది సామాన్లకీ మాకూ. వెనకది పాడైపోయి నెలలు గడిచినా ఎవరూ బాగుచేయించలేదు. అయినా ముందుది మాకు లేదు. పిల్ల నా చంకలో ఉంటే ఎక్కొచ్చు, పిల్లని ఇంట్లో దింపేశాక మెట్లే. కుక్కని తిప్పే అతనికీ అంతే, కుక్క ఉంటే లిఫ్టు, లేకపోతే మెట్లు. "కుక్కకి తోడుగా వెళ్తున్నానని చెప్పుకోవాలి" అని అతనే నవ్వేవాడు.

పిన్ని వంట చేసేది లాయరమ్మ ఇంట్లో. అది అన్నిటికన్నా పై అంతస్తు. పిన్నికి కుడి మోకాలు అరిగిపోయింది, మెట్లు ఎక్కితే కాలు మొత్తానికే పోతుందని డాక్టరు చెప్పేశాడు. ప్రతి మలుపు దగ్గరా రెయిలింగు పట్టుకుని ఆగేది. నేను సంచి అందుకోబోతే, "నీ చేతికిస్తే కూరగాయలు వాడిపోతాయి, నీ నడక అలాంటిది" అని వెక్కిరించేది.

ఇక్కడికి రాకముందు ఆ పరాయి దేశంలో ఆవిడ కొన్నేళ్ళు ఒకే ఇంట్లో వండింది. అక్కడ టీవీలో ఒక చర్చ నడుస్తుండేదట. పనివాళ్ళు పనిచేసే ఇల్లు మారాలంటే దేశం వదిలి వెళ్ళాల్సిందేనా, ఉన్నచోటే వేరే పని చూసుకోకూడదా అని. పెద్దపెద్దవాళ్ళు వాదించుకునేవారు. ఇంట్లోవాళ్ళు అది చూస్తూ తినేవారు, పిన్ని వడ్డించేది. ఆవిడ పాస్‌పోర్టు ఆ గదిలోనే బీరువాలో ఉండేది. ఒకరోజు యజమానురాలు జాలిగా అడిగిందట, మీ దేశంలో పనివాళ్ళని వేరే లిఫ్టులో పంపిస్తారటగా, ఎలా భరిస్తారు అని. అక్కడ వాళ్ళింట్లో అందరిదీ ఒకటే లిఫ్టు.

ఇక్కడికొచ్చాక లాయరమ్మ ఏదో సభలో మాట్లాడటానికని ఈ సంగతులన్నీ అడిగి తెలుసుకుంది. పాస్‌పోర్టు దాచేస్తారా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిన్ని అప్పుడే మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరక గుమ్మం పట్టుకుని నిలబడి చెప్పిందట అదంతా. బస్సులో ఆ మాట చెబుతూ, నవ్వాలో మానాలో తెలియనట్టు నా వైపు చూసింది.

లాయరమ్మ చెడ్డదేం కాదు. లిఫ్టు సంగతి ఇళ్ళవాళ్ళ మీటింగులో తనే మాట్లాడతానంది. కానీ ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఈలోగా అపార్టుమెంటు సెక్రటరీ గారు కొత్త బోర్డు రాయించి పెట్టారు. లిఫ్టు తలుపు మీద ముందునుంచీ "ఎనిమిది మంది మనుషులు" అని ఉంది. సరిగ్గా దాని కిందే, "పనిమనుషులు ఎక్కరాదు" అని తగిలించారు.

పిన్ని రెండు బోర్డులూ చదివి, "నేను వంటమనిషిని కదే. పైదాంట్లోకి వస్తానా, కిందదాంట్లోకా?" అంది. ఆ మాట సాయంత్రానికల్లా అన్ని అంతస్తులకీ పాకింది. పనివాళ్ళు నవ్వుకున్నారు, కొందరు ఇళ్ళవాళ్ళు కూడా. బోర్డు మాత్రం అలాగే ఉంది.

మీటింగు ఆదివారం, కింద బళ్ళు పెట్టే చోట, ప్లాస్టిక్ కుర్చీల్లో జరిగింది. పనివాళ్ళకి పిలుపు లేదు. నేను పిల్లని ఎత్తుకుని మోటారు గది పక్కన నిలబడ్డాను. పిన్ని నడుచుకుంటూ వచ్చి కుర్చీల ముందు నిలబడింది. లాయరమ్మ తల వంచుకుంది.

"అక్కడ లిఫ్టులో నన్ను పక్కనే నిలబెట్టుకునేవాళ్ళు. పని మానేస్తానంటే మాత్రం దేశం వదలాలి. ఇక్కడ ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చు, లిఫ్టు మాత్రం ఎక్కకూడదు. ఇదేంటని అడిగితే రెండు చోట్లా ఒకటే మాట అన్నారు, బాగానే చూసుకుంటున్నాం కదా అని. బాగానే చూశారు, కాదన్ను. నేనడిగింది అది కాదు."

సెక్రటరీ గారు, "ఎవరింట్లో పనిచేస్తావమ్మా నువ్వు? వాళ్ళతో చెప్పించు" అన్నారు.

"ఎవరింట్లోనూ చెయ్యట్లేదు బాబూ" అంది పిన్ని.

కాసేపు గొడవ జరిగింది. లాయరమ్మ లేచి, పిన్ని వైపే మాట్లాడింది. ఒకాయన లిఫ్టు అరిగిపోతుందన్నారు, ఇంకొకాయన మీ కుక్క ఎక్కితే అరగట్లేదా అన్నారు. చివరికి చేతులెత్తమంటే చాలానే లేచాయి. వెనక లిఫ్టు బాగుచేయించే ఖర్చు తప్పుతుందని లేచిన చేతులు కూడా వాటిలో ఉన్నాయి. ఆ వారంలోనే బోర్డు తీసేశారు. ఇప్పుడు పిల్ల చంకలో లేకపోయినా నేను లిఫ్టులోనే వెళ్తున్నాను.

పిన్ని మీటింగుకి ముందురోజే లాయరమ్మ ఇంట్లో పని మానేసింది. నేనేం లోటు చేశానని లాయరమ్మ అడిగిందట. "లోటేం లేదమ్మా. మీ ఉప్పు తింటూ మీవాళ్ళని నిలదీస్తే మీకు తలవంపులు. మానేస్తే నా నోరు నాది" అందట పిన్ని. ఇప్పుడు రెండు వీధుల అవతల ఆడపిల్లల హాస్టల్లో వండుతోంది. జీతం తక్కువ, వంటగది నేలమట్టానే ఉంది.

అందరూ చెప్పుకునే ఆ కేసు పిన్ని ఎక్కడా వెయ్యలేదు. మా అపార్టుమెంటు ముందువైపు లిఫ్టు ఆవిడ ఒక్కసారి కూడా ఎక్కలేదు.